శ్రీకాకుళంలో ఆర్‌సీ (రేడియో కంట్రోల్) విమానాలు, కార్ల బ్యాటరీ ప్యాక్‌లకు ఏ చార్జర్ తీసుకోవాలి?

నాగావళి_తీరం (శ్రీకాకుళం)

సభ్యులందరికీ నమస్కారం. మా మేనల్లుడు ఎచ్చెర్లలో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఫోమ్ బోర్డుతో తానే కట్టుకున్న చిన్న విమానాన్ని కోతలు అయిపోయిన పొలాల మీద ఎగరేస్తుంటాడు. దానికి 3ఎస్ (మూడు సెల్‌లు వరుసగా కలిపిన) 2200 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్ల) లైపో (లిథియం పాలిమర్) ప్యాక్‌లు మూడు ఉన్నాయి. వేసవి సెలవుల్లో ఒక క్వాడ్‌కాప్టర్ (నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్) కడతానంటున్నాడు కనుక 4ఎస్ 5000 ఎంఏహెచ్ ప్యాక్‌లు రెండు రాబోతున్నాయి. ఇవి కాక వాడి తమ్ముడి ఆర్‌సీ కారుకు ఆరు సెల్‌ల 7.2 వోల్టుల నికెల్ ప్యాక్ ఒకటి ఉంది.

ప్రస్తుతం ఇంట్లో ఉన్నది బ్యాలెన్స్ ప్లగ్గు (ప్యాక్‌లోని ఒక్కో సెల్‌కూ విడిగా తీగ ఉండే చిన్న ప్లగ్గు) మాత్రమే తగిలించే చిన్న చార్జర్. అది ఒక్కో సెల్‌కు సుమారు 800 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది కాబట్టి 2200 ప్యాక్ ఒక్కటి నిండడానికి మూడు గంటలు పడుతోంది. మూడు ప్యాక్‌లూ నిండేసరికి పొద్దు గూకుతోంది. పైగా అది 4ఎస్ ప్యాక్‌ను గాని, నికెల్ ప్యాక్‌ను గాని తీసుకోదు.

కొత్తదాని కోసం వెతికితే రెండు రకాలు కనిపించాయి. ఒకటి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టుకునేది. దాని మీద 6 ఆంపియర్లు, 50 వాట్లు అని ఉంది. రెండవది 10 నుండి 30 వోల్టుల డీసీ మీద మాత్రమే పనిచేసేది. దాని మీద 150 వాట్లు అని ఉంది గాని, దానికి విడిగా విద్యుత్ సరఫరా కొనుక్కోవాలి. మొదటిదానిలో ఆంపియర్లు సరిపోతున్నప్పుడు రెండవదాని కోసం అదనంగా ఖర్చు పెట్టడం అవసరమా? మా వీధిలో సాయంత్రం పూట కరెంటు తరచుగా పోతుందన్న సంగతిని కూడా దృష్టిలో పెట్టుకుని సలహా ఇవ్వగలరు.

గంటస్తంభం (విజయనగరం)

అయ్యా, మీ ప్రశ్నలోనే చిక్కు ఉంది. ఆంపియర్ల అంకెను చూసి చార్జర్ కొనడమంటే, హార్స్‌పవరు చూడకుండా పైపు వెడల్పు చూసి బావికి మోటారు కొనడం వంటిది. ముందుగా చూడవలసినది వాట్లు.

లైపో సెల్ ఒక్కొక్కటి నిండినప్పుడు 4.20 వోల్టులు ఉంటుంది. ప్యాక్ సామర్థ్యం ఎన్ని ఆంపియర్ అవర్లో అన్ని ఆంపియర్లతో నింపడాన్ని 1సీ అంటారు. మీ 3ఎస్ 2200 ప్యాక్‌ను 1సీ వద్ద నింపాలంటే 12.6 వోల్టులను 2.2 ఆంపియర్లతో గుణించగా 28 వాట్లు చాలు. 4ఎస్ 5000 ప్యాక్‌కైతే 16.8 వోల్టులు, 5 ఆంపియర్లు, అంటే 84 వాట్లు కావాలి. 50 వాట్ల చార్జర్‌కు ఈ ప్యాక్ తగిలించి తెర మీద 5 ఆంపియర్లు పెట్టినా, వోల్టేజి పెరిగేకొద్దీ అది తనంతట తానే కరెంటును తగ్గించుకుంటూ వచ్చి చివరకు 3 ఆంపియర్ల దగ్గర నిలబడుతుంది. గంటలో ముగియవలసిన పని రెండు గంటలకు చేరువవుతుంది. పెట్టె మీద రాసిన 6 ఆంపియర్లు అబద్ధమని అనలేము గాని, 50ని 6తో భాగిస్తే 8.3 వోల్టులు వస్తుంది కనుక, అంత కరెంటు రెండు సెల్‌ల ప్యాక్‌కు మాత్రమే అందుతుంది.

వాట్ల తరువాత చూడవలసినది బ్యాలెన్స్ కరెంటు. దీన్ని ఎవరూ పెద్ద అక్షరాలతో రాయరు. ప్యాక్‌లో ఒక సెల్ మిగిలినవాటికంటే ముందుగా నిండితే, ఆ సెల్ నుండి కొంత కరెంటును చార్జర్ లోపలి రెసిస్టర్ల గుండా వేడిగా కరిగించి మిగిలిన సెల్‌లు దానిని అందుకునేదాకా ఆగుతుంది. పాత తరహా చార్జర్లలో ఇది 200 నుండి 300 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. 5000 ప్యాక్‌లో సెల్‌ల మధ్య 100 ఎంఏహెచ్ తేడా ఉంటే, 200 మిల్లీ ఆంపియర్ల బ్యాలెన్స్ ఆ తేడాను సరిచేయడానికే అరగంట తీసుకుంటుంది. ప్యాక్ పాతబడేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. అందువల్ల పెద్ద ప్యాక్‌లకు ఒక ఆంపియర్ చుట్టుపక్కల బ్యాలెన్స్ కరెంటు ఉన్నది తీసుకోవడం మంచిది.

నా మాట ఏమిటంటే, 4ఎస్ ప్యాక్‌లు నిజంగా రాబోతున్నట్లయితే 50 వాట్లది కొనకండి.

చీపురుపల్లి_క్వాడ్ (చీపురుపల్లి)

గంటస్తంభం మాస్టారితో లెక్కల్లో విభేదించను గాని, ప్రతి కుర్రవాడికీ 150 వాట్లు కావాలనడం నాకు సమంజసంగా అనిపించడం లేదు. రాత్రి భోజనానికి ముందు పెట్టిన ప్యాక్ పడుకునేలోపు నిండితే చాలు గదా. పైగా నేటి ప్యాక్‌ల మీద 5సీ దాకా చార్జ్ చేయవచ్చని తయారీదారులే అచ్చు వేస్తున్నారు. సమాంతర చార్జింగ్ బోర్డు (ఒకే చార్జర్‌కు పలు ప్యాక్‌లను పక్కపక్కన కలిపే పలక) ఒకటి తీసుకుంటే మూడు 2200 ప్యాక్‌లనూ ఒకేసారి 50 వాట్ల చార్జర్ మీద నింపుకోవచ్చు.

బొబ్బిలి_సోల్డర్ (బొబ్బిలి)

నాకు ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. అప్పుడప్పుడు ఈ చార్జర్లు కూడా నా బల్ల మీదికి వస్తుంటాయి కనుక రెండు మాటలు రాస్తున్నాను.

గోడ ప్లగ్గుకు నేరుగా పెట్టే చార్జర్లో 230 వోల్టులను తగ్గించే భాగమూ, సెల్‌లను నింపే భాగమూ ఒకే చిన్న డబ్బాలో ఉంటాయి. ఎండాకాలంలో రెండింటి వేడీ కలుస్తుంది. నా దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువగా పోయేది మొదటి భాగమే, అది కూడా కరెంటు హెచ్చుతగ్గుల వల్లనే. అయితే అది పోయినప్పుడు మొత్తం చార్జర్ మూలన పడుతుంది. విడి సరఫరా ఉంటే పోయినదాన్ని మాత్రమే మార్చుకుంటే సరిపోతుంది. మన ప్రాంతానికి డీసీ చార్జరే నయమని నేను చెప్పడానికి మొదటి కారణం ఇది.

స్కైఆర్‌సీ వారి ఐమాక్స్ బీ6 చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్న మంచి నమూనా. అంత పేరు వచ్చింది కాబట్టే దానికి లెక్కలేనన్ని నకళ్లు పుట్టాయి. నకలు కూడా పనిచేస్తుంది, కాని అది సెల్ వోల్టేజిని సరిగ్గా కొలుస్తోందా అన్నది మనమే తేల్చుకోవాలి. ఏ చార్జర్ కొన్నా మొదటి ప్యాక్ నిండిన వెంటనే ఒక నమ్మకమైన మల్టీమీటరుతో బ్యాలెన్స్ ప్లగ్గు వద్ద ఒక్కో సెల్‌నూ కొలిచి, తెర మీది అంకెతో పోల్చి చూడండి. వందో వంతు వోల్టు తేడా ఉంటే ఫర్వాలేదు. తెర మీద 4.20 అని చూపుతూ మీటరు మీద 4.25 దాటితే ఆ చార్జర్‌ను లైపోకు వాడవద్దు.

సరఫరా గురించి కూడా చెప్పాలి. సీసీటీవీ కెమెరాలకు, ఎల్‌ఈడీ దీపాలకు వాడే జల్లెడ రేకు డబ్బా ఎస్‌ఎంపీఎస్‌లు (230 వోల్టుల కరెంటును తక్కువ వోల్టుల డీసీగా మార్చే సరఫరాలు) విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ఎలక్ట్రికల్ దుకాణాల్లో సులభంగా దొరుకుతాయి. వాటిలో కొన్నింటికి లోపల 115, 230 వోల్టుల మధ్య మార్చే చిన్న స్విచ్చి ఉంటుంది. అది 115 మీద ఉండగా మన ప్లగ్గుకు పెడితే తక్షణమే కాలిపోతుంది. కొన్న వెంటనే టార్చి వేసి ఆ స్విచ్చి ఎక్కడుందో చూడండి. ఎర్తు తీగను తప్పనిసరిగా మూడు పిన్నుల ప్లగ్గుకు కలపండి. 230 వోల్టుల స్క్రూలు బయటికే కనిపిస్తుంటాయి కాబట్టి పిల్లలున్న ఇంట్లో వాటి మీద మూత ఉండాలి.

నాగావళి_తీరం (శ్రీకాకుళం)

చాలా ఉపయోగకరమైన వివరాలు ఇచ్చారు, కృతజ్ఞతలు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ ఒకటి ఖాళీగా ఉంది. దాని మీద 19.5 వోల్టులు, 4.62 ఆంపియర్లు అని రాసి ఉంది. ఎస్‌ఎంపీఎస్ కొనకుండా దాన్నే వాడుకోవచ్చా?

బొబ్బిలి_సోల్డర్ (బొబ్బిలి)

అది 90 వాట్ల అడాప్టర్. బీ6 తరహా పాత చార్జర్లు 11 నుండి 18 వోల్టుల దాకానే తీసుకుంటాయి కాబట్టి వాటికి 19.5 వోల్టులు పెట్టకూడదు. మీరు చూసిన రెండవది 30 వోల్టుల దాకా తీసుకుంటుందన్నారు గనుక దానికి పెట్టవచ్చు. అయితే 84 వాట్లు ప్యాక్‌లోకి వెళ్లాలంటే, చార్జర్ సామర్థ్యం నూటికి 85 అనుకున్నా, అడాప్టర్ నుండి 99 వాట్లు లాగుతుంది. 2200 ప్యాక్‌లకు ఆ అడాప్టర్ నిశ్చింతగా సరిపోతుంది. 5000 ప్యాక్‌లకు మాత్రం చార్జర్ సెట్టింగుల్లో ఇన్‌పుట్ వాట్లను 75 దగ్గర కట్టడి చేసి వాడాలి. అటువంటి సెట్టింగు లేని చార్జరైతే కరెంటును మూడున్నర ఆంపియర్లకు తగ్గించండి.

ఆమదాలవలస_సిగ్నల్ (ఆమదాలవలస)

నేను రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఆర్‌సీ కార్లు నడుపుతుంటాను. అందరూ లైపోల గురించే మాట్లాడుతున్నారు, చిన్నవాడి కారు ప్యాక్‌ను ఎవరూ పట్టించుకోలేదు.

నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ నిండిందని తెలుసుకునే పద్ధతి పూర్తిగా వేరు. లైపోను ముందు నిలకడైన కరెంటుతో నింపి, సెల్ 4.20 వోల్టులకు చేరాక వోల్టేజిని అక్కడే నిలిపి, కరెంటు దానంతట అది తగ్గేదాకా ఆగుతారు. నికెల్ సెల్‌కు అటువంటి గీత లేదు. అది నిండేసరికి వోల్టేజి ఒక శిఖరానికి చేరి, ఆ తరువాత ఒక్కో సెల్‌కు కొద్ది మిల్లీవోల్టులు పడిపోతుంది. చార్జర్ ఆ పడిపోవడాన్ని కనిపెట్టి ఆగుతుంది. దీన్నే డెల్టా పీక్ అంటారు. మరీ తక్కువ కరెంటు పెడితే ఆ పడిపోవడం స్పష్టంగా కనిపించక చార్జర్ ఆగకుండా పోవచ్చు. అందువల్ల ప్యాక్ మీద తయారీదారు వద్దని రాయకపోతే 0.5సీకి తగ్గకుండా, 1సీ లోపల పెట్టడమే సురక్షితం. దానికి తోడు టైమరునూ, సామర్థ్యపు హద్దునూ కూడా పెట్టుకోవాలి. 3000 ప్యాక్‌కైతే 3600 ఎంఏహెచ్ దాటగానే ఆగిపోయేలా పెట్టుకోవచ్చు.

ఇంటిలో రెండు రకాల ప్యాక్‌లు ఉన్నప్పుడు ఉండే అసలు ప్రమాదం లైపోను చార్జర్‌లోని నికెల్ కార్యక్రమంలో (ప్రోగ్రాంలో) నింపడం. లైపో వోల్టేజి అలా పడిపోదు కనుక, చార్జర్ ఎదురుచూస్తూ 4.20 దాటించి, ప్యాక్ ఉబ్బి మండేదాకా పోస్తూనే ఉంటుంది. లైఫే (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాక్‌ను లైపో కార్యక్రమంలో పెట్టినా ఇదే గతి, ఎందుకంటే దాని హద్దు 3.6 వోల్టులకు కాస్త అటూ ఇటూ మాత్రమే. చార్జర్‌లో ప్యాక్‌కొక జ్ఞాపకం దాచుకునే సదుపాయం ఉంటే చిన్నవాడి ప్యాక్‌కు ఒకటి కేటాయించండి. నా వరకు నేను నికెల్ ప్యాక్‌కు వేరే రకం కనెక్టరు సోల్డర్ చేసి, దాని తీగను వేరే చోట ఉంచుతాను. తీగ చేతిలోకి తీసుకున్నప్పుడే ఏ ప్యాక్ పెడుతున్నామో గుర్తుకు వస్తుంది.

ఉద్దానం_గాలి (పలాస)

కరెంటు పోవడం గురించి అడిగారు కనుక నా వంతు చెబుతాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. నేను 12 వోల్టుల బ్యాటరీ మీద పనిచేసే చార్జర్‌నే నమ్మడం అప్పటి నుండే మొదలైంది.

ఇంట్లో ఇన్వర్టరు ఉంటే, చార్జ్ చేస్తుండగా కరెంటు పోయినా సాధారణంగా చార్జర్ ఆగదు. ఇన్వర్టరు లేకపోతే చార్జర్ ఆగిపోతుంది, కరెంటు వచ్చాక చాలా చార్జర్లు తమంతట తాము మళ్లీ మొదలుపెట్టవు. అందులో ప్యాక్‌కు నష్టమేమీ లేదు. కాని ఆగిపోయిన చార్జర్‌కు ప్యాక్‌ను రాత్రంతా తగిలించి వదిలేస్తే, ఆ ప్యాక్ నుండే చార్జర్ కొద్దికొద్దిగా లాగుతుంది.

పొలంలో నింపుకోవడానికి యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ చాలని చాలామంది అనుకుంటారు. అది కాగితం మీద 84 వాట్ అవర్లు. సీసం బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి చేతికి వచ్చేది 42. ఎనభై శాతం ఖాళీ అయిన 3ఎస్ 2200 ప్యాక్ నింపడానికి నష్టాలతో కలిపి సుమారు 23 కావాలి. అంటే ఒక ప్యాక్ హాయిగా నిండుతుంది, రెండవది అతి కష్టం మీద. 4ఎస్ 5000 ప్యాక్‌కు సుమారు 70 కావాలి గనుక దాని జోలికి పోవద్దు. ఆ ప్యాక్‌లకు 35 ఆంపియర్ అవర్ల కారు బ్యాటరీ వంటిది ఉండాలి. దానితో రెండు ప్యాక్‌లు నిండుతాయి. బైకు బ్యాటరీ మీద ప్రయత్నించి తిరిగి ఇంటికి తోసుకుంటూ వచ్చినవారిని నేను చూశాను.

ఇంకొక సంగతి. చార్జర్ ఇన్‌పుట్ కరెంటుకు కూడా ఒక పరిమితి ఉంటుంది. అది 12 ఆంపియర్లు అనుకుంటే 12 వోల్టుల వద్ద 144 వాట్లకు మించి లాగలేదు. పెద్ద పెద్ద వాట్లు రాసి ఉన్న చార్జర్లు ఆ వాట్లను 24 వోల్టుల వద్దనే ఇస్తాయి. కొనేముందు ఆ పరిమితిని చదవండి.

గంటస్తంభం (విజయనగరం)

చీపురుపల్లి తమ్ముడూ, సమాంతర చార్జింగ్ పనిచేయదని నేను అనను. సెల్‌ల సంఖ్య ఒకటే అయి, తగిలించే సమయానికి ఆ ప్యాక్‌ల మధ్య తేడా సెల్‌కు 0.1 వోల్టు కంటే తక్కువగా ఉంటే అది పనిచేస్తుంది. కాని ఒకటి సగం వాడిన ప్యాక్, మరొకటి అడుగంటిన ప్యాక్ అయితే, తగిలించిన క్షణంలోనే నిండుగా ఉన్నదాని నుండి ఖాళీదానిలోకి అదుపు లేని కరెంటు పారుతుంది. చార్జర్ ఇంకా మొదలే కాలేదు కనుక అది అడ్డుకోలేదు. తరువాత కూడా చార్జర్‌కు మూడు ప్యాక్‌లూ కలిసి ఒక్కటిగానే కనిపిస్తాయి, ఏ ప్యాక్‌లో ఏ సెల్ నీరసించిందో తెలియదు. మొదటి ఏడాది కుర్రవాడి చేతికి ఈ బోర్డు ఇవ్వడానికి నేను ఒప్పుకోను. ఇక లెక్కకు వస్తే, మూడు 2200 ప్యాక్‌లు కలిస్తే 1సీ వద్ద 83 వాట్లు. నీ 50 వాట్ల చార్జర్ దానికీ చాలదు.

5సీ విషయానికి వస్తే, అది ప్యాక్ తట్టుకోగల గరిష్ఠ హద్దు మాత్రమే, అలవాటుగా వాడవలసిన వేగం కాదు. 2సీ పెట్టినంత మాత్రాన సమయం సగానికి సగం తగ్గదు కూడా, చివరి దశలో కరెంటు ఎలాగూ నెమ్మదిస్తుంది. మన దగ్గర మే నెలలో ఎగిరి దిగిన ప్యాక్ చేతికి వెచ్చగా తగులుతుంది. 45 డిగ్రీలు దాటిన ప్యాక్‌ను చార్జ్ చేయకూడదు. నీడలో చల్లారనిచ్చి పెట్టాలి.

చీపురుపల్లి_క్వాడ్ (చీపురుపల్లి)

లెక్క ఒప్పుకుంటున్నాను మాస్టారూ. నా చేతిలో ఉన్నది 200 వాట్లది కాబట్టి బోర్డు సుఖంగా నడుస్తోంది. అయితే వర్షం వచ్చి ఎగరేయలేని రోజున నిండిన ప్యాక్‌ల చార్జిని మళ్లీ కొంత దించడం నాకు పెద్ద విసుగు. ఆ సంగతి కూడా కొనేముందు చూడాలని చెప్పండి.

గంటస్తంభం (విజయనగరం)

మంచి మాట గుర్తుచేశావు. లైపోను నిండుగా రోజుల తరబడి ఉంచితే లోపల వాయువు పుట్టి ఉబ్బుతుంది. వాడని ప్యాక్‌ను సెల్‌కు 3.80 నుండి 3.85 వోల్టుల మధ్య నిలవ చేయాలి. ప్రతి మంచి చార్జర్‌లోనూ నిలవ కార్యక్రమం ఉంటుంది గాని, అది ఎంత వేగంగా దించగలదన్నది చూడాలి. బీ6 తరహా చార్జర్లు 5 వాట్ల చొప్పున మాత్రమే దించుతాయి. నిండిన 3ఎస్ 2200 ప్యాక్‌ను నిలవ స్థాయికి తేవడానికి వాటికి మూడు గంటలు పడుతుంది, 4ఎస్ 5000కైతే దాదాపు తొమ్మిది గంటలు. కొత్త చార్జర్లలో దించే వాట్లు ఇంతకంటే బాగుంటున్నాయి. ఈ జిల్లాల్లో అక్టోబరు, నవంబరు నెలలు ఎలా ఉంటాయో తెలిసినవారెవరూ ఈ అంకెను తేలికగా తీసుకోరు.

బొబ్బిలి_సోల్డర్ (బొబ్బిలి)

కారు సూచిక దీపపు 12 వోల్టుల 21 వాట్ల బల్బుకు కనెక్టరు సోల్డర్ చేసుకుంటే అదే 3ఎస్ ప్యాక్ ముప్పావు గంటలోపు నిలవ స్థాయికి దిగుతుంది. బల్బుకు ఎక్కడ ఆగాలో తెలియదు కనుక బ్యాలెన్స్ ప్లగ్గుకు వోల్టేజి అలారం పెట్టి పక్కనే కూర్చోవాలి. 4ఎస్‌కు ఆ బల్బును నేరుగా పెట్టకండి, 16.8 వోల్టులకు అది తట్టుకోదు. రెండు బల్బులను వరుసగా కలిపి పెట్టండి.

నాగావళి_తీరం (శ్రీకాకుళం)

అందరి మాటలూ మేనల్లుడికి చదివి వినిపించాను. ఈ విధంగా నిర్ణయించుకున్నాము. 10 నుండి 30 వోల్టుల 150 వాట్ల డీసీ చార్జర్ తీసుకుంటాము. దాని వివరాల్లో ఇన్‌పుట్ పరిమితి 12 ఆంపియర్లు, బ్యాలెన్స్ ఒక ఆంపియర్ అని ఉంది. ఇంట్లో దానికి 24 వోల్టుల 6.5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ పెడతాము. ల్యాప్‌టాప్ అడాప్టర్ అత్యవసరానికి ఉంటుంది. సమాంతర బోర్డు ప్రస్తుతానికి వద్దు. మేడ మీద మెట్ల గది గచ్చు నేల మీద, పక్కన ఇసుక బకెట్టు పెట్టుకుని, ఎవరైనా మేలుకుని ఉన్నప్పుడే చార్జ్ చేయాలని వాడి అమ్మ షరతు పెట్టింది.

చివరిగా ఒక సందేహం. పొలంలో కారు బ్యాటరీ నుండి చార్జర్‌కు ఎంత మందం తీగ వాడాలి? ఇంట్లో దీపాలకు వాడిన తీగ ముక్క మిగిలి ఉంది, అది సరిపోతుందా?

బొబ్బిలి_సోల్డర్ (బొబ్బిలి)

దీపాల తీగ వద్దు. 24 వోల్టుల వద్ద ఆ 99 వాట్లకు నాలుగు ఆంపియర్లు సరిపోతాయి గాని, 12 వోల్టుల బ్యాటరీ మీద ఎనిమిది దాటుతుంది. అంత కరెంటుకు సన్నని తీగలో వోల్టేజి పడిపోయి, బ్యాటరీ బాగానే ఉన్నా ఇన్‌పుట్ తక్కువగా ఉందని చార్జర్ ఆగిపోతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మీటరుకు మించని పొడవులో తీసుకోండి. బ్యాటరీ ధన టెర్మినల్‌కు ఆనుకునే 15 ఆంపియర్ల కారు ఫ్యూజు పెట్టండి. చార్జర్ వైపు ఎక్స్‌టీ60 కనెక్టరు సోల్డర్ చేయండి, మొసలి క్లిప్పులు బ్యాటరీ వైపు మాత్రమే ఉండాలి.

తగిలించే వరుస కూడా వాడికి చెప్పండి. ముందు ఈ సరఫరా తీగను బ్యాటరీకి, తరువాత చార్జర్‌కు, ఆ పైన ప్యాక్ తీగను చార్జర్‌కు, అన్నిటికంటే చివర ఆ తీగను ప్యాక్‌కు. ప్యాక్ తీగకు అరటి పిన్నులు (విడివిడి బనానా ప్లగ్గులు) ఉన్నట్లయితే ఈ వరుస మరీ ముఖ్యం. వాటిని చార్జర్‌లో దూర్చకముందే ప్యాక్ తగిలిస్తే, వేలాడుతున్న ఆ రెండు పిన్నులూ ఒకదానికొకటి తగిలి అక్కడికక్కడే షార్ట్ అవుతుంది. విప్పేటప్పుడు ప్యాక్‌తో మొదలుపెట్టి ఇదే వరుసను వెనక్కు నడపాలి.